రహదారీ చీటీ

మొన్న కళాశాల వార్షికోత్సవమునకు పూర్వ విద్యార్థులముగా మేము ముగ్గురము వచ్చినప్పుడు, బి.కాం. రెండవ సంవత్సరము చదువుచున్న ఒక తమ్ముడు మమ్ములను ప్రక్కకు పిలిచి, "అన్నా, వీసా చేతిలో ఉంటే ఇంక ఆపేదెవరు?" అని అడిగినాడు. వీపున సంచి తగిలించుకొని, వేసవి సెలవులలో బ్యాంకాకు మొదలు హనోయి వరకు బస్సులలో, రైళ్ళలో తిరిగి రావలెనని అతని కోరిక. మేము ఒకరి ముఖము ఒకరము చూచుకొని నవ్వుకొన్నాము. 2024 మే నెలకు పూర్వము మాకును అదే నమ్మకము ఉండెను. ఆ నమ్మకము ఒక కొండ సరిహద్దు దగ్గర ఎట్లు సడలినదో చెప్పుటకును, ఆ పిదప మాకు ఏర్పడిన అభిప్రాయములు మీ ముందుంచుటకును ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

వీసా అను మాట లాటిను భాషలోనిది. చూడబడిన కాగితము అని దాని అర్థము. అనగా ఒక అధికారి నీ కాగితమును చూచినాడు, అంతే. లోపలికి రమ్మని చేయి పట్టుకొని పిలిచినాడని కాదు. మన భాషలో ఇంతకన్న అందమైన మాట ఒకటి ఉండెను. ఫార్సీ నుండి ఉర్దూకును, తెలుగునకును వచ్చిన 'రహదారీ'. నేడు రహదారి అనగా తారు రోడ్డు మాత్రమే మనకు స్ఫురించును గాని, పూర్వము ఆ దారిని పోనిచ్చు అనుమతి చీటీకి కూడ అదే పేరు. దారియు, దారికి కావలసిన కాగితమును ఒకే మాటలో ఇమిడియుండుట మాకు ఎంతయో అర్థవంతముగా తోచును.

ఈ కాగితపు బాధ నేటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో ముద్రాధ్యక్షుడను ఉద్యోగి ఉన్నాడు. అతడు ఒక మాషము రుసుము తీసికొని ముద్ర ఇచ్చును. ముద్ర గలవాడే జనపదములోనికి వచ్చుటకు గాని, పోవుటకు గాని అర్హుడు. ముద్ర లేని స్వదేశీయునికి 12 పణముల జరిమానా. దొంగ ముద్రతో వచ్చిన పరదేశికి అన్నింటికన్న కఠినమైన శిక్ష. పద్నాలుగవ శతాబ్దములో ఇబ్న్ బతూతా ఈజిప్టు నుండి సిరియాకు పోవుచు ఖత్యా అను చోట చూచినది మరియొక విశేషము. అనుమతి పత్రము లేనిదే ఇటువారు అటు పోరాదు, అటువారు ఇటు రారాదు. రాత్రి అయినంతనే అచటి కాపలాదారులు దారిలోని ఇసుకను నున్నగా చదును చేయుదురు. తెల్లవారిన పిమ్మట అధికారి వచ్చి ఇసుక మీద అడుగుజాడ ఏదైనను కనబడినచో, ఆ మనిషిని వెదకి పట్టుకొని రమ్మని పంపును. నేటి వేలిముద్రల యంత్రము ముందు నిలుచున్నప్పుడెల్ల మాకు ఆ ఇసుక గుర్తునకు వచ్చును.

అయినను, ప్రతి మనిషి వద్దను పుస్తకము వంటి పాస్‌పోర్టు ఉండి తీరవలెనన్న పట్టుదల మాత్రము మొదటి ప్రపంచ యుద్ధము తరువాతనే స్థిరపడినది. యుద్ధము ముగిసిన పిదప 1920లో నానాజాతి సమితి పారిస్‌లో సమావేశము జరిపి పాస్‌పోర్టులకు ఒక సమాన రూపము కుదిర్చినది. మన దేశములో 1967 వరకు పాస్‌పోర్టు ఇచ్చుట, ఇవ్వకుండుట ప్రభుత్వపు దయాదాక్షిణ్యముగా ఉండెను. ఆ ఏడు ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ వ్యాజ్యములో సుప్రీం కోర్టు, విదేశములకు పోవు హక్కు రాజ్యాంగము 21వ అధికరణములోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పినది. ఆ తీర్పు వ్రాసిన ప్రధాన న్యాయమూర్తి మన రాజమహేంద్రవరములో పుట్టిన కోకా సుబ్బారావుగారు. ఆ వెనుకనే, ఆ సంవత్సరములోనే పాస్‌పోర్టుల చట్టము వచ్చినది. 1978లో మేనకా గాంధీ వ్యాజ్యములో ఆ హక్కు మరింత దృఢమైనది. కనుక దేశము విడిచి పోవుట మన హక్కు. కాని పరదేశములో ప్రవేశించుట మన హక్కు కాదు, వారి అనుమతి. ఈ భేదము తెలియకనే మన పిల్లలలో అనేకులు సరిహద్దు వద్ద తెల్లబోవుచున్నారు. మేమును తెల్లబోయినాము.

జరిగినది ఇది. ఆ మే నెలలో మేము హైదరాబాదు నుండి విమానములో బ్యాంకాకు చేరినాము. అప్పటికి థాయిలాండు భారతీయులకు 30 దినములు వీసా లేకుండ ప్రవేశము ఇచ్చుచుండెను. (ఆ గడువు తరువాత మారినది, మరల మారవచ్చును. వెళ్ళువారు బయలుదేరు వారములోనే మరియొకసారి చూచుకొనవలెను.) అచటి నుండి రాత్రి రైలులో నోంగ్ ఖాయి చేరి, మెకాంగ్ నది మీద 1994లో తెరచిన స్నేహ వారధిని దాటి లావోస్‌లో ప్రవేశించినాము. ఆ వంతెన మీద ఒక వింత ఉన్నది. థాయిలాండులో బండ్లు మనవలె ఎడమ ప్రక్కన నడచును, లావోస్‌లో కుడి ప్రక్కన. వంతెన దిగునంతలో బస్సు ఒక ప్రక్క నుండి మరియొక ప్రక్కకు మారును. దేశము మారినదని మాకు ముద్ర పడక ముందే ఆ మలుపు చెప్పినది. వారధి కొసన డాలర్లు చెల్లించి, ఒక ఫొటో ఇచ్చి, అక్కడికక్కడే వీసా తీసికొన్నాము. అది పాస్‌పోర్టులో ఒక పుట మొత్తము ఆక్రమించినది. మలిగిన నోట్లు, చిరుగు నోట్లు పుచ్చుకొనరు గనుక ఇంటి వద్దనే కొత్త నోట్లు ఏరి పెట్టుకొనుట మేము చేసిన మంచి పనులలో ఒకటి.

చెడిపోయినది వియత్నాం దగ్గర. 2023 ఆగస్టు నుండి ఆ దేశము అన్ని దేశముల వారికిని 90 దినముల ఇ-వీసా ఇచ్చుచున్నది. ఒకసారి ప్రవేశమునకు 25 డాలర్లు. ఏ దినము నుండి, ఏ సరిహద్దు గుండా వచ్చెదవో దరఖాస్తులోనే వ్రాయవలెను. మేము మువ్వురము ఒక రాత్రి హడావిడిగా, ఒకే గదిలో కూర్చొని దరఖాస్తులు నింపినాము. మాలో ఒకని ఇంటిపేరు షేక్. పదవ తరగతి మెమోలో అతని పేరు ముందు 'ఎస్‌కె' అని రెండక్షరములే ఉన్నవి. ఆ మెమోను బట్టి పాస్‌పోర్టులోనూ అట్లే పడినది. ఆధారులో మాత్రము షేక్ అని పూర్తిగా ఉన్నది. ఇ-వీసా దరఖాస్తులో అతడు తన పేరు తాను ఎరిగినట్లుగా, పూర్తిగా, షేక్ అని వ్రాసినాడు. ఎవడు మాత్రము తన పేరును రెండక్షరములుగా తలచుకొనును?

రాత్రి బస్సు తెల్లవారుజామున కొండ మీద సరిహద్దు దగ్గర ఆగినది. ఠాణా తెరచిన పిదప లావోస్ వారు మా పాస్‌పోర్టుల మీద నిష్క్రమణ ముద్రలు కొట్టినారు. మంచులో కొంత దూరము నడచి రెండవ దేశపు కౌంటరు చేరినాము. ఇద్దరికి ముద్ర పడినది. మా మిత్రుని దగ్గర అధికారి ఆగినాడు. పాస్‌పోర్టులో ఒక పేరు, కాగితములో మరియొక పేరు. కోపము లేదు, కేకలు లేవు. అతడు రెండు పేర్ల క్రింద గోటితో గీత గీచి చూపి, తల అడ్డముగా ఆడించినాడు. ఎస్‌కె అన్నను షేక్ అన్నను ఒకటేనని చెప్పుటకు మాకు వారి భాష రాదు, వారికి మా మెమోల చరిత్ర తెలియదు. నిజము చెప్పవలెనన్న, అతని పని అతడు సరిగానే చేసినాడు.

అప్పుడు తెలిసినది త్రిశంకు స్వర్గమన నేమో. మా మిత్రుడు లావోస్ నుండి వెడలిపోయినట్లు ముద్ర పడినది. అతని లావోస్ వీసా ఒకే ప్రవేశమునకు చెల్లునది, అది ముగిసినది. వియత్నాంలో ప్రవేశము లేదు. రెండు గేట్ల నడుమ, ఏ దేశమునకును చెందని ఆ కొద్దిపాటి రోడ్డు మీద, ముప్పది సంవత్సరముల వాడు తన పేరునకు తానే సాక్ష్యము లేక నిలబడినాడు. బస్సువాడు ఒక అరగంట చూచి కదలిపోయినాడు. మేమిద్దరము ముద్ర పడిన వారమైనను, అతనిని వదలి పోలేక, మా ప్రవేశమును రద్దు చేయుమని అడిగి వెనుకకు వచ్చినాము. లావోస్ అధికారి, మా అదృష్టము, మంచివాడు. నిష్క్రమణ ముద్రల మీద అడ్డముగా గీతలు గీచి, ఏదో వ్రాసి, సంతకము చేసినాడు. మరియొక అధికారి అయినచో కొత్త వీసా తీసికొనుమని చెప్పి ఉండును. దగ్గరి ఊరిలో ఒక చిన్న బసలో ఐదు దినములు గడిపినాము. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ రుసుము, మధ్యలో శని, ఆదివారములు. ఆ ఐదు దినములలో మా మిత్రుడు ఎక్కువ మాటలాడలేదు. ఒక్కసారి మాత్రము, "నా పేరును మొదట కత్తిరించినది ఈ దేశమువాళ్ళు కాదు గదా" అన్నాడు.

ఆ మాట మాకు గుచ్చుకొన్నది. ఈ వ్యాసమునకు అదియే కారణము.

మన ఇండ్లలో బిడ్డను బడిలో వేయునాడు పేరు ఎట్లు వ్రాయించినారో ఒకసారి తలచుకొనుడు. మొహమ్మద్ ఎండి అగును, షేక్ ఎస్‌కె అగును, ఒకే ఇంటిలో అన్నకు షేక్, తమ్మునికి షైక్ అని ఇంగ్లీషు వర్ణక్రమము మారును. ఆడపిల్లకు బేగం ఒక కాగితములో ఉండును, మరియొక కాగితములో ఉండదు. ఇది మా మైనారిటీ కుటుంబములకే పరిమితమైన చిక్కు కాదు. తెలుగువారందరికిని ఇంటిపేరు ముందు వచ్చును, దానిని పొడి అక్షరముగా వ్రాయుట మన అలవాటు. పరదేశపు ఫారములు ఇంటిపేరును చివర అడుగును. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా విడిచి, మొత్తము పేరును ఒకే గడిలో కుక్కిన వారు మన బంధువర్గములలో ఎందరో. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, ఒంటి పేరు మాత్రమే గల పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద రానీయబోమని ప్రకటించినప్పుడు ఎన్ని ఇండ్లలో కలవరము పుట్టినదో మీలో గల్ఫ్ కుటుంబముల వారు ఎరుగుదురు. పరదేశపు కౌంటరులో మన ముఖము కన్న, మన మాట కన్న, పుస్తకములో అచ్చు పడిన అక్షరమునకే విలువ. ఆ అక్షరము మన ఊరి బడిలో, మన తండ్రుల ఎదుట, ఒక గుమాస్తా చేత వ్రాయబడినది.

కనుక మా మొదటి అభిప్రాయము: డిగ్రీలో చేరిన ప్రతి విద్యార్థియు, ఎక్కడికి పోయినను పోకున్నను, మెమో, ఆధారు, పాస్‌పోర్టు మూడింటిని ప్రక్క ప్రక్కన పెట్టి అక్షరమక్షరము పోల్చి చూచుకొనవలెను. తేడా ఉన్నచో చదువు ముగియక ముందే సరిచేయించుకొనవలెను. 36 పుటల పాస్‌పోర్టునకు 1,500 రూపాయలు, పది సంవత్సరములు చెల్లును. అది ఒక సెల్‌ఫోను పెట్టె ఖరీదులో ఎన్నవ వంతో మీరే లెక్క కట్టుకొనుడు.

మిగిలిన విషయములు వేగముగా చెప్పెదము. పాస్‌పోర్టు గడువు ఇంకను ఆరు నెలలు ఉండవలెనని చాల దేశములు కోరును. ఒకే ప్రవేశపు వీసా మీద వెళ్ళి, ప్రక్క దేశము ఒక పూట చూచి వద్దామని గేటు దాటినచో ఆ వీసా అంతటితో సరి. గడువు మీరి ఉండుట చిన్న తప్పు కాదు. థాయిలాండులో దినమునకు 500 బాట్ల చొప్పున 20,000 బాట్ల వరకు జరిమానా పడును. 90 దినములు మీరినచో మరల రాకుండ నిషేధము కూడ ఉన్నది. సరిహద్దులో బస్సు దిగినంతనే "నేను చేయించెదను" అని పాస్‌పోర్టు కొరకు చేయి చాచువానికి పుస్తకము ఇయ్యరాదు, కౌంటరు ఎంత దూరమైనను మనమే నడువవలెను.

తెరచి ఉన్న గేటు ఎల్లప్పుడు తెరచి ఉండునని కూడ అనుకొనరాదు. థాయిలాండు నుండి కంబోడియాకు పోవు అరణ్యప్రథేత్, పోయిపేత్ దారి వీపు సంచుల వారికి ఏండ్ల తరబడి రాజమార్గము. 2025లో ఆ రెండు దేశములకు ఘర్షణ వచ్చి భూసరిహద్దులు మూయబడినవి. ఆ ఏడు ఏప్రిల్‌లోనే మన అటారీ తనిఖీ కేంద్రము మూయబడినది. మా పెద్దలలో కొందరికి వీసా అనిన ఆ దారియే. కరాచీలో పినతల్లి కూతురి పెండ్లికి పోవలెనన్న, వీసాలో పేర్కొన్న ఊళ్ళకే పోవలెను, చేరినంతనే పోలీసు ఠాణాలో హాజరు చెప్పవలెను. వారికి అది విహారము కాదు, విడిపోయిన వారి ముఖము చూచుకొనుట. మేము సరదాకు దాటిన గీతలను వారు కన్నీటితో దాటినారు.

ఇక ఐరోపా మాట. 1985 జూన్ 14న లక్సెంబర్గు లోని షెంగెన్ అను చిన్న గ్రామము వద్ద, మోజెల్ నది మీద ఒక పడవలో ఐదు దేశములు ఒప్పందము చేసికొన్నవి. 1995 మార్చిలో అది అమలునకు వచ్చినది. నేడు 29 దేశములు అందులో ఉన్నవి. ఒకసారి లోపల అడుగిడినచో పారిస్ నుండి ప్రాగ్ వరకు మామూలుగా మరియొక వీసా అక్కరలేదు. ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి ఉండరాదు. 2025 అక్టోబరు 12 నుండి ముద్రలకు బదులు వేలిముద్ర, ముఖచిత్రము నమోదు చేయు పద్ధతిని ప్రవేశపెట్టుట ఆరంభించినారు. బతూతా చూచిన ఇసుకకు ఇది మనుమడని మేమనుకొందుము.

ఆ వీసా కొరకు మన విద్యార్థి ఏమి చూపవలెనో వినుడు. బ్యాంకు ఖాతా, తిరుగు ప్రయాణపు ఏర్పాటు, బస, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా. రుసుము 2024 జూన్ నుండి 90 యూరోలు, నిరాకరించినను తిరిగి ఈయరు. ఐరోపా విద్యార్థి మాత్రము థాయిలాండునకు, మలేషియాకు పుస్తకము చూపి నడచిపోవును. ఇది న్యాయమా? కాదని మా నిశ్చితాభిప్రాయము. తండ్రి ఖాతాలో లక్షలు లేని పిల్లవాడు తప్పక పారిపోవునని అనుమానించుట బీదవానిని దొంగగా లెక్కించుటయే. అయితే ఈ కోపములో మనము ఒక సంగతి మరువరాదు. మన దేశము కూడ అనేక దేశముల వారిని వీసా అడుగుచున్నది, లావోస్ వారితో సహా. మాకు వంతెన కొసన పది నిమిషములలో వీసా ఇచ్చిన ఆ దేశపు పిల్లవాడు హైదరాబాదు విమానాశ్రయములో దిగి అట్లే పొందలేడు.

అన్యాయమునకు అబద్ధము మందు కాదని కూడ చెప్పక తప్పదు. సందర్శకుని వీసా మీద ఉద్యోగమునకు పొమ్మను ఏజెంట్లు మన ఊళ్ళలో కొత్త కాదు. కరీంనగరు, నిజామాబాదు వారు గల్ఫులో ఆ దారిన పోయి, గడువు మీరి, చాటుగా బ్రదికి, క్షమాభిక్ష ప్రకటించు దినము కొరకు ఎదురుచూచిన కథలు ఇంటింట ఉన్నవి. 2024లో విశాఖపట్నము పోలీసులు బయటపెట్టిన కేసులలో, డేటా ఎంట్రీ ఉద్యోగములని నమ్మి కంబోడియా చేరిన మన యువకులు సైబరు మోసములు చేయుటకు నిర్బంధింపబడినట్లు తేలినది. వీపు సంచితో ఊళ్ళు చూడబోయిన పిల్లవానిని అధికారి నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడుగుచున్నాడనిన, ఇటువంటి ఏజెంట్ల పుణ్యము అందులో కొంత ఉన్నది. మా మిత్రుని మొదటి ప్రయాణములో బ్యాంకాకు కౌంటరు వద్ద మా ఇద్దరికన్న ఎక్కువ ప్రశ్నలు వేసినారు. పేరును బట్టియా, వరుసను బట్టియా అని అడుగుటకు మార్గము లేదు. అతడు బస చీటీ, తిరుగు టిక్కెట్టు తీసి బల్ల మీద పెట్టి, అడిగినదానికి మాత్రమే, నెమ్మదిగా, నిజము చెప్పినాడు. ముద్ర పడినది.

మొదటిసారి పోవువారికి నేపాలు మంచిదని మా సలహా. 1950 జూలై 31 నాటి ఒప్పందము పుణ్యమా అని మనకు అచట వీసా లేదు. పాస్‌పోర్టు గాని ఓటరు గుర్తింపు కార్డు గాని చాలును. గోరఖ్‌పూరు నుండి బస్సులో సునౌలి చేరి, రిక్షాల నడుమ నడచి, ఒక ద్వారము క్రింద నుండి దాటినచో పరదేశము. అచటికి లుంబిని కొద్ది దూరమే. మన ప్రక్కన నడచు తెల్లదొర ఆ సందడిలో ఇమ్మిగ్రేషన్ గదిని చూచుకొనక దాటిపోయి, తరువాత ముద్ర లేక చిక్కుపడుట కద్దు. భూటాను కూడ వీసా అడుగదు గాని, 2022 సెప్టెంబరు నుండి భారతీయులు రాత్రికి 1,200 రూపాయలు చెల్లించవలెను. విద్యార్థి సంచికి అది బరువే.

మన కళాశాలకు మాదొక విన్నపము. ప్రతి సంవత్సరము మొదటి సంవత్సరపు విద్యార్థులకు, విద్యార్థినులకు ఒక పూట ఈ కాగితముల పరిచయము చేయవలెను. నమూనా దరఖాస్తులు గ్రంథాలయములో ఉంచవలెను. ఆ పూటకు రావలెనని మా మిత్రుడు ఇప్పటికే ఒప్పుకొన్నాడు. అతడు తిరిగి వచ్చిన ఆరు నెలలకు పాస్‌పోర్టు మార్పించుకొన్నాడు. కొత్త పుస్తకములో ఇంటిపేరు గడిలో షేక్ అని పూర్తిగా ఉన్నది. పాత పుస్తకమును మూల కత్తిరించి తిరిగి ఇచ్చినారు. గీతలు గీచిన ఆ లావోస్ ముద్ర అందులోనే ఉన్నది. చూడదలచినవారికి ఆ పూట చూపెదనన్నాడు.